రెండు కడవల నీళ్ళంత సేపు

మునిలక్ష్మమ్మ నా దగ్గరికి వచ్చి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"నా నోటి మాటకే నా కొడుకు చచ్చినాడా, నాగవేణమ్మా? అదొక్కటి తేల్చి చెప్పు. ఇంకేమీ వద్దు నాకు."

కెలవరపల్లి డ్యామ్ పక్క ఊళ్ళో గొర్రెలు కాసుకునే మనిషి. ఒక్కగానొక్క కొడుకు రక్షిత్, ఇరవై ఆరేళ్ళవాడు, హోసూరులో యతీశ్ అనే స్నేహితుడితో కలిసి లాప్‌టాప్‌లు రిపేరు చేసే అంగడి నడిపేవాడు. పదమూడు రోజుల కిందట, బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు దొడ్లో గొర్రె ఈనుతోంది. పిల్ల అడ్డం తిరిగింది. "రారా, వచ్చి పట్టుకోరా" అని తల్లి అరుస్తుంటే, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న కొడుకు "రెండు నిమిషాలమ్మా" అన్నాడు. ఆ రెండు నిమిషాల్లో పిల్ల చచ్చింది. కడుపు మండిన తల్లి, "ఆ డబ్బా ఎత్తుకోని పోయి నీళ్ళలో పడి చావు పో!" అంది. అతను లాప్‌టాప్ సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున చేపలు పట్టేవాళ్ళకు డ్యామ్‌లో శవమై దొరికాడు.

లాప్‌టాప్ మాత్రం అంగట్లో అతని బల్ల మీద ఉంది. అందులో ఒక ఉత్తరం. బుధవారం సాయంత్రం ఆరూ పదికి దాచినట్టు చూపిస్తోంది. 'ఆ డబ్బా ఎత్తుకోని పోయి నీళ్ళలో పడి చావు పో అన్నావు కదమ్మా. అట్లే పోతా ఉండాను.' అంతే.

తల్లులు ఇలాంటి మాటలు అనకుండా ఉంటారా? మా అమ్మ రోజుకొకసారి నాకు పాడె కట్టేది. యాభై రెండేళ్ళొచ్చాయి, మోకాళ్ళ నొప్పులతో సహా బతికే ఉన్నాను. కానీ ఈ మాట మునిలక్ష్మమ్మకు చెబితే ఏం లాభం? ఆమె కొడుకు బతికి లేడు కదా.

మంగళవారం పదకొండు గంటలకు ఆ అంగట్లోనే అందరం కలిశాం. సబ్ ఇన్‌స్పెక్టర్ జయప్రకాశ్ లాప్‌టాప్‌ను తల్లికి అప్పగించి, వేలిముద్ర వేయించుకుని, ఫైలు మూసేయాలని వచ్చాడు. నేను క్రిష్ణగిరి జిల్లా పోలీసు ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నందువల్ల సైబర్ విభాగం నుంచి కలైవాణి అనే కానిస్టేబుల్ వచ్చింది. ఆమెను చూడగానే జయప్రకాశ్ ముఖం ముడుచుకుంది.

"ఏం మేడం, మీకు వేరే పనేమీ లేదా? మా మిందనే క్రిష్ణగిరికి కంప్లయింటా?"

"కంప్లయింట్ కాదు సార్, అర్జీ. కంప్లయింట్ కావాలన్నా రాసిస్తాను. నా చేతిరాత బాగుంటుంది."

"ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టినంత సులభమనుకున్నారు డిటెక్టివ్ పని. చూడండి, ఆ తిట్టు తల్లికీ కొడుక్కీ తప్ప మూడో మనిషికి తెలీదు. అదే మాట ఉత్తరంలో ఉంది. ఇంక వేరేవాడు యాడనుంచి వస్తాడు?"

ఆయన మాట కాదనడానికి అప్పటికి నా దగ్గర ఏమీ లేదు.

యతీశ్ మునిలక్ష్మమ్మను తన బండి మీదే తీసుకొచ్చాడు. స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. నీళ్ళిచ్చాడు. సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో ఉన్నాడు. పాడె మోసిన నలుగురిలో ముందు నిలబడ్డది ఇతనేనట. ఆనాటి నుంచీ రోజూ మధ్యాహ్నం ఆమెకు క్యారియరులో అన్నం తీసుకెళ్తున్నాడు. "అమ్మా, కొంచెం నీళ్ళు తాగు" అంటుంటే ఆ గొంతులో నటన ఏమీ కనిపించలేదు నాకు. ఇప్పటికీ అది నటన అనుకోను.

జయప్రకాశ్ అట్టపెట్టె విప్పి లాప్‌టాప్ బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. పది సెకన్లలో తెర వెలిగింది. పాస్‌వర్డు యతీశ్ కొట్టాడు. భాగస్తులిద్దరికీ ఒకరిది ఒకరికి తెలుసు.

"ఇట్ల వెంటనే వెలగదే ఇది," అంది మునిలక్ష్మమ్మ.

ఎవరూ పట్టించుకోలేదు. జయప్రకాశ్ ఇంకుప్యాడు తెరుస్తున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏమంటివి అక్కా? మళ్ళా చెప్పు."

"ఇది వాని డబ్బానేనా? వానిది మీట వొత్తితే నల్లగా ఉంటుందమ్మా శానాసేపు. చచ్చిపోయినట్ల. నేను బోరింగు కాడికి పోయి రెండు కడవల నీళ్ళు తెచ్చి పోసేదాకా వెలగదు. 'ఏమిరా, చెడిపాయనా?' అంటే, 'లేదమ్మా, లోపల లెక్క చూసుకుంటా ఉంది, తొందర పెట్టగూడదు' అంటాడు. ఆ వారమంతా అట్లే. ఆ పొద్దు గొర్రె ఈనేటప్పుడూ నల్లగానే ఉండె. దాని కోసమే వాడు కనిపెట్టుకోని కూర్చున్నెది."

యతీశ్ చేతిలోని నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాడు. మెల్లగానే పెట్టాడు కానీ నీళ్ళు తొణికాయి.

"ఎందుకట్లా యతీశ్?" అన్నాను. "మెకానిక్‌వి కదా, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. "లాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ కన్నా ముందు లోపల బయోస్ అని చిన్న ప్రోగ్రాము లేస్తుంది మేడం. మెమరీ ఎంత వేగంగా నడవాలనేది దాని చేతిలో ఉంటుంది. కంపెనీవాళ్ళు ఆ సెట్టింగులు దాచిపెట్టి తాళం వేస్తారు. మెమరీ 3200కు నడవగలిగినా, ఈ మాడల్లో 2666 దాటనీయరు. వాడు ఆరు నెలలుగా ఆ తాళం తీయాలని చూస్తా ఉండినాడు."

"తీసినాడా?"

"నాకు చెప్పలేదు. ఆ వారం వాడు అంగడికే రాలేదు."

"తీసి వేగం పెంచితే?"

"ఆన్ చేసినప్పుడంతా ఆ వేగానికి మెమరీ తట్టుకుంటుందా లేదా అని చూసుకుంటుంది. కొన్ని మిషన్లలో మూడు నాలుగు నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది."

"తెలియనివాళ్ళు చూస్తే?"

"చచ్చిపోయిందనుకుంటారు." ఆ మాట అన్న తర్వాత అతను తల వంచుకున్నాడు.

"అట్లా చచ్చిపోయిందనుకుంటే మెకానిక్ ఏం చేస్తాడు?"

అతని బదులు కలైవాణి చెప్పింది. "వెనక మూత విప్పి బ్యాటరీ, దాంతోబాటు గడియారం నడిపే బిళ్ళ బ్యాటరీ తీసేస్తారక్కా. మళ్ళా పెడితే బయోస్‌లో మనం మార్చిన సెట్టింగులన్నీ మొదట ఎట్లుండెనో అట్లయిపోతాయి, తాళం తీసింది మాత్రం పోదు. వేగమూ పోతుంది. గడియారమూ మొదటికొస్తుంది."

కలైవాణి బయోస్‌లోకి వెళ్ళి చూసింది. తాళం తీసే ఉంది. దాచిన సెట్టింగులన్నీ బయటికి కనబడుతున్నాయి. కానీ మెమరీ వేగం మాత్రం 2666 దగ్గరే ఉంది.

నేను లాప్‌టాప్‌ను బోర్లా తిప్పాను. తొమ్మిది మరలు. ఒక్కో మర తల మీదుగా పక్కనున్న మూత మీదికి ఎర్రటి గీత ఉంది. మరను కదిపితే గీత తెగిపోతుంది. ఎవరైనా విప్పితే తెలియాలని మెకానిక్కులు పెట్టుకునే గుర్తు అది.

"అది మా జాజుమన్ను," అంది మునిలక్ష్మమ్మ, ముందుకు వంగి. "మా గొర్రెలకు నడుము మింద ఇట్లే గీత పెడతాము. మందలో కలిసిపోకుండా. 'నా మిషనుకూ మన గుర్తే పెట్టుకున్న్యానమ్మా' అన్న్యాడు." ఆమె వేలితో ఒక గీతను తడిమి చూసింది. "అయ్యో, ఇవి చెదిరిపోయినాయే."

తొమ్మిదింటిలో ఒక్క గీత కూడా కలవలేదు. రెండు పొడుగు మరలు చోటు మారి, మూలల్లో ఉండాల్సినవి నడుమకు వచ్చాయి.

"సరి, సరి," అన్నాడు జయప్రకాశ్ విసుగ్గా. "వాడే విప్పుకున్న్యాడు. వాని మిషను, వాని ఇష్టం. చచ్చే ముందు పాత సెట్టింగు పెట్టుకున్న్యాడు. దాంట్లో ఏముంది?"

"నల్లగా ఉంటే ఓపిగ్గా కాచుకోవాలని తెలిసినవాడు ఎందుకు విప్పుతాడు సార్? తెలియని మామూలు మనిషయితే మూత దించి పోతాడు. విప్పింది మెకానిక్కే. అయితే రక్షిత్ దీని వేగం పెంచినాడని తెలియని మెకానిక్."

"ఊహలు! కోర్టులో ఊహలకు దండేస్తారా మేడం?"

"కలైవాణీ, ఆ డైరీ తెరువమ్మా," అన్నాను.

లాప్‌టాప్ తనలో జరిగిన ప్రతి పనినీ తనంతట తానే రాసుకుంటుంది. ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు చార్జరు ఊడింది, అన్నీ. ఒక్కోదానికీ వరస సంఖ్య ఉంటుంది. తేదీని మనిషి మార్చొచ్చు కానీ ఆ వరస మాత్రం మారదు. కలైవాణి చదువుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. బుధవారం సాయంత్రం నాలుగూ పన్నెండు, లాప్‌టాప్ ఆగింది. అంటే తల్లి తిట్టిన వెంటనే. ఆ తర్వాతి సంఖ్య మీద తేదీ 2019 జనవరి ఒకటి.

"బిళ్ళ బ్యాటరీ తీసినారు," అంది కలైవాణి. "దాని కిందనే 'గడియారం మార్చబడింది' అని ఉందక్కా. చేత్తో మార్చినారు. బుధవారం ఆరూ నాలుగుకు పెట్టినారు. ఇంటర్‌నెట్‌కు కలపలేదు. కలిపుంటే టైము తనకు తానే సరిపోయుండేది. ఆరూ పదికి ఉత్తరం. ఆరూ ఇరవై రెండుకు చార్జరుకు కరెంటు పోయింది. ఆరూ ముప్ఫై మూడుకు మళ్ళా వచ్చింది."

పదకొండు నిమిషాలు.

నాకొక అలవాటుంది. ఏ కేసు తీసుకున్నా ముందుగా కరెంటు ఆఫీసుకు పోయి, ఆ రోజు ఆ వీధిలో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చిందో రాయించుకుంటాను. తగలబడ్డ గోడౌన్ల క్లెయిములు చూసి చూసి అబ్బిన పిచ్చి. ఆ కాగితం చేతిసంచీలోంచి తీసి జయప్రకాశ్ ముందు పెట్టాను.

"ఆ బుధవారం ఈ వీధిలో కరెంటు పోయింది ఒక్కసారే సార్. రాత్రి ఎనిమిదీ ఐదుకు పోయి, ఎనిమిదీ పదహారుకు వచ్చింది. అదే పదకొండు నిమిషాలు. లాప్‌టాప్ గడియారాన్ని గంటా నలభై మూడు నిమిషాలు వెనక్కి పెట్టినారు. ఉత్తరం రాసింది ఆరూ పదికి కాదు. ఏడూ యాభై మూడుకు."

జయప్రకాశ్ కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన మూర్ఖుడేమీ కాదు, తొందరమనిషి అంతే.

"చావబోయేవాడు గడియారం వెనక్కి తిప్పుకుంటాడా?" అన్నాను. "ఎవరిని నమ్మించేకి?"

ఆయన నెమ్మదిగా యతీశ్ వైపు తిరిగాడు. "ఆరూ పదికి నువ్వు యాడ ఉన్నెవి?"

"క్రిష్ణగిరిలో సార్. మీకు తెలుసు కదా. షోరూములో కెమెరాలో ఉండాను. ఐదూ యాభై ఎనిమిది నుంచి ఆరూ ఇరవై ఐదు దాకా."

"నిమిషాలతో సహా జ్ఞాపకం పెట్టుకున్న్యావే," అన్నాను. "ఏడూ యాభై మూడుకు?"

"దారిలో ఉండినానేమో."

"గంటలో హోసూరు చేరే దారి. సరే, ఆ రోజు రక్షిత్‌ను ఎప్పుడు చూసినావు?"

"చూడనే లేదు మేడం. నాలుగు గంటలకు ఫోన్‌లో మాట్లాడినా, చార్జరు విషయం. మనిషిని చూళ్ళేదు."

"రక్షిత్ ఫోను నాలుగూ యాభై రెండుకు డ్యామ్ దగ్గర ఆగిపోయింది. అక్కడ్నుంచి బండి మింద ఐదూ యాభై ఎనిమిదికి క్రిష్ణగిరి చేరొచ్చా?"

అతను బల్ల మీద తొణికిన నీళ్ళను చేత్తో తుడవడం మొదలుపెట్టాడు.

"బర్గూరు పక్కన ఒక కాలేజీకి మీరు నలభై లాప్‌టాప్‌లకు మెమరీ వేసినారు. ఆ బుధవారం మధ్యాహ్నం రక్షిత్ ఆ ల్యాబువాళ్ళకు ఫోన్ చేసినాడు, వాళ్ళే నాతో చెప్పినారు. 'స్టిక్కరు మింద రాసిన వేగం లోపల లేదు, పాత సరుకుకు కొత్త స్టిక్కర్లు అంటించినారు, రేపు వచ్చి అన్నీ మార్చిస్తాను' అన్నాడు. తాళం తీసిన బయోస్‌లో మెమరీ అసలు సంగతి కనబడుతుంది కదా. స్టిక్కర్లు అంటించింది ఎవరు?"

"సప్లయరు మోసం చేసినాడు మేడం. నాకేం తెలుసు? అంగడి తాళం పగలగొట్టి ఎవడైనా వచ్చి రాసుండొచ్చు." గొంతు పెరిగింది. "నేనెందుకు చంపుతాను వాణ్ణి? ఒకే కంచంలో తిన్నాము మేము. మీరే చెప్పండి సార్, ఆ తిట్టు నాకెట్ల తెలుస్తుంది? ఉత్తరంలో ఆ తిట్టుంది కదా!"

మునిలక్ష్మమ్మ స్టూలు మీంచి లేచింది. ఇంతసేపూ మేము చెప్పుకున్న అంకెలు ఆమెకు ఎంతవరకు అందాయో నాకు తెలియదు. తిట్టు అన్న మాట మాత్రం అందింది. మెల్లగా నడిచి యతీశ్ ఎదురుగా నిలబడింది.

"ఆ మాట నేను దొడ్లో అన్న్యానప్పా. ఆడ గొర్రెలు తప్ప ఎవురూ లేరు. కానీ వాని చెవి దగ్గర ఫోను ఉండె. నీతోనే గదా మాట్లాడతా ఉన్నెది."

ఆ తిట్టు విన్న మూడో మనిషి మా కళ్ళెదుటే ఉన్నాడు.

"ఫోను ముందే పెట్టేసినానమ్మా," అన్నాడు యతీశ్.

"ఉండనీ." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. రోజూ తనకు అన్నం తెచ్చిపెట్టే చెయ్యి. "నేను నిన్నేమీ అననప్పా. పోలీసోళ్ళు ఏమన్నా అనుకోనీ. నువ్వు దినమూ నాకు అన్నం తెస్తివి. నేను తినేటప్పుడు మొగం అట్ల తిప్పుకోని కూర్చుంటివి. నా మొగం చూడలేక పోతా ఉండాడని నాకెందుకు తెలీదు? ఒక్క మాట చెప్పు చాలు. నేను చావమన్న్యానని వాడు నొచ్చుకున్న్యాడా? ఆ మాట మనసులో పెట్టుకోనే పోయినాడా?"

నేను అడ్డం పడాల్సింది. ఇలాంటి వేళ ఏం అడగాలో, ఎలా అడగాలో ఇరవై ఏళ్ళుగా తెలిసినదాన్ని. అయినా అడ్డం పడలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఏమవుతుందో యతీశ్‌కు తెలుసు. చెప్పకపోతే ఆమె ఏమవుతుందో కూడా తెలుసు.

"లేదమ్మా," అన్నాడు.

"నిజంగా?"

"నొచ్చుకోలేదమ్మా. నవ్వినాడు. డ్యామ్ గట్టు మింద కూర్చోని నవ్వినాడు. 'మా యమ్మ దినానికి నూరుసార్లు చావమంటుంది, నూటొక్కసారి తిన్నావా అంటుంది' అన్న్యాడు. 'పిల్లను పోగొట్టుకోని ఆ గొర్రె ఏడుస్తా ఉంటుంది, పొద్దుగూకేలోపల పోవాల, ఈ పొద్దు దొడ్లోనే పండుకుంటా' అన్న్యాడు."

జయప్రకాశ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ రోజు మనిషిని చూడనే లేదన్నవాడు ఇప్పుడు గట్టు మీది మాటలు చెప్పాడు. ఎత్తి చూపాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. యతీశ్ తన టేబులు అంచున కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"కాలేజీకి పోవద్దురా అని బతిమాలినానమ్మా," అన్నాడు చేతుల సందులోంచి. "వినలేదు. లేచి పోతా ఉంటే సంచీ పట్టి లాగినాను. సంచీ నా చేతికొచ్చింది, వాడు నీళ్ళలో పడినాడు. ఈత రాదని నాకు తెలుసు. తెలిసీ నిలబడినాను."

మునిలక్ష్మమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చెవులకు ఆ చివరి మాటలు చేరాయో లేదో.

"నవ్వినాడా?" అంది.

"నవ్వినాడమ్మా."

అప్పుడు ఏడ్చింది. పదమూడు రోజులుగా కంట్లో చుక్క రానివ్వని మనిషి. చచ్చింది తన మాటకే అయితే ఏడ్చే హక్కు కూడా తనకు లేదనుకుందో ఏమో. కొంగు కళ్ళకు అదుముకుని, ఆ బల్ల మీద తల పెట్టి, కొడుకు పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చింది. కలైవాణి గోడవైపు తిరిగి నిలబడింది. నాకూ కళ్ళు మసకబారాయి, సిగ్గెందుకు చెప్పడానికి.

జయప్రకాశ్ యతీశ్ భుజం మీద చెయ్యి వేసి లేపాడు. నా దగ్గర ఆగి, "ఫైలు మూయట్లేదు మేడం," అన్నాడు. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆయన నుంచి నేను ఆశించలేదు.

వాళ్ళు గడప దాటుతుంటే మునిలక్ష్మమ్మ గబగబా వెనకే వెళ్ళింది. రాయి తీసుకుంటుందేమోననుకున్నాను. ఆమె యతీశ్ చొక్కా పట్టుకుంది.

"యతీశూ, మళ్ళా ఒక్కసారి చెప్పప్పా. గొర్రె గురించి ఏమన్న్యాడు? అంతా చెప్పు. నేను మర్చిపోతానేమో."

ఆమె కొడుకు చివరి మాటలు విన్నవాడు లోకంలో అతనొక్కడే. వీధిలో, జీపు పక్కన నిలబడి, తల వంచుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కో మాటనూ తిరిగి పలుకుతూ విన్నది. జయప్రకాశ్ జీపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తొందర పెట్టలేదు.